లైటు వెయ్యకుండా

ఫర్వానియాలో మాంసం కొట్టు పక్క సందు.
మూడు శుక్రవారాలుగా అదే గాజు బీరువా ముందు నిలబడుతున్నాను.
శశిధరన్ నాకు ధర చెప్పడం మానేసి
టీ చెబుతున్నాడు.

రెండే లెన్సులు.
ఒకటి కొత్తది, ఒకటి పాయింట్ ఎనిమిది,
అరవై రెండు దినార్లు, సీలు కూడా విప్పలేదు.
ఇంకోటి కువైటు వదిలిపోతూ ఓ నర్సు అమ్మిపోయింది,
ఒకటి పాయింట్ నాలుగు, నూటపది,
గాజు అంచున గోరు గీరినంత గీత.
మూత లోపల రోవెనా అని పేరు.

అంకె తగ్గేకొద్దీ కన్ను పెద్దదవుతుందని
ఓబులేసుకు చెబితే
"అంకె చిన్నది, పని పెద్దదా?
మా కఫీలు లెక్క గదరా ఇది" అన్నాడు.

జూమ్ లేదు దీనికి.
ముఖం దగ్గరికి రావాలంటే కాళ్లే రావాలి.
యాభై కొనుక్కో, మనుషులు నునుపుగా వస్తారన్నాడు శశిధరన్.
మా గది పన్నెండడుగులకు పది,
రెండంతస్తుల మంచాలు మూడు.
యాభై పెడితే వెనక్కి జరగాలి,
జరిగితే నా వీపుకు గోడ,
గోడకు మస్తానయ్య తడి బనియను.
నా కెమెరాలో సెన్సారు చిన్నది,
ముప్పై అయిదే దానికి మామూలు చూపు.
అంతవరకు తేలింది.

తేలనిది పాయింటు తర్వాతి అంకె.

అబ్బాసియా హాల్లో పుట్టినరోజులకు
మనిషికి అర్ధ దినారు నా రేటు.
కేకు వెనక ముగ్గురు నిలబడతారు, ముగ్గురూ డబ్బులిచ్చినవాళ్లే,
ఎవరి చెవులు మసక చెయ్యను?
అక్కడెలాగూ నాలుగు దాకా మూసి తియ్యాల్సిందే.
మరి కొత్తదే చాలు.
మిగిలే నలభై ఎనిమిదితో
మా అక్క బోరు మోటారుకు వైండింగు అయిపోతుంది.
లెక్క ఎటు తిప్పినా అక్కడికే వచ్చింది.

కానీ మా గదిలో ఎప్పుడూ ఒకరు నిద్రపోతుంటారు.
ఖాదర్‌వలీది రొట్టెల బట్టీ, రాత్రి రెండుకు లేస్తాడు.
మస్తానయ్యది లాండ్రీ, ఒంటిగంటకు వస్తాడు.
నాది ఏసీ రిపేరు, ఎండ ఉన్నంతసేపూ.
ట్యూబ్‌లైటుంది, బాగానే పనిచేస్తుంది,
నాలుగేళ్లలో రాత్రిపూట అది వెలిగింది మూడుసార్లు:
బల్లికి, పోలీసులకు,
మస్తానయ్యకు ఛాతీలో నొప్పి వచ్చినప్పుడు.

మిగతాదంతా ఫోన్ల వెలుగు.
పై మంచం మీద దుప్పటి గుడారంలో ఓబులేసు
పన్ను నొప్పంటున్న కూతురిని
నోరు తెరిచి చూపించమంటాడు,
తనూ తెరుస్తాడు.
నీలి వెలుగు గడ్డం దాకా వచ్చి ఆగిపోతుంది.

ఆ తెరిచిన నోరు కావాలి నాకు.
ఉన్న లెన్సుతో తీస్తే ముఖమంతా ఇసుక.
లైటు వేస్తే ఇసుక పోతుంది,
ఆ ముఖమూ పోతుంది,
ఖాదర్‌వలీ నిద్రా పోతుంది.

నాలుగో శుక్రవారం నూటమూడు ఇచ్చాను, ఏడు బాకీ.
"ఈ రెంటికీ తేడా ఒక స్టాపు కూడా లేదు, ఆలోచించుకో"
అన్నాడు శశిధరన్,
అమ్మేవాడు అనకూడని మాట.
ఏసీ కొట్లోంచి ఆగస్టు సందులోకి రాగానే
గాజుకు చెమట పట్టింది.
తుడవలేదు.
మాంసం కొట్టు మెట్టు మీద పది నిమిషాలు
దాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను,
కొత్తగా దిగినవాడికి ఈ గాలి అలవాటయ్యేదాకా.

రాత్రి పన్నెండున్నర.
అద్దం లేని కెమెరా, చప్పుడు చెయ్యదు.
తీశాను.
ఫోకసు ఓబులేసు మీద పడలేదు.
మంచం కమ్మీ మీద పడింది,
పెచ్చులూడిన రంగు కింద
ఎవరో మేకుతో గీసిన పదకొండు గీతలు,
మాలో ఎవరివీ కావు.
నాలుగేళ్లు ఆ కమ్మీకే లుంగీ ఆరేశాను.

దుప్పటిలోంచి గుసగుస:
"తీసినావా?"
"ఇంగా లేదు. నోరు మూయొద్దు."