వయసు: ఒక వాన

మూడొంతెనల కింద మోకాలి లోతు నీళ్ళు.
కొత్తపేటలో కరెంటు పోయి, వచ్చి, మళ్ళీ పోయి, వచ్చింది.
నైట్ డ్యూటీ నాది.
ల్యాబు గుమ్మంలో ట్యూబ్‌లైటు చుట్టూ
తొలకరి రెక్కలు కట్టుకొచ్చి రాలుతోంది.

మస్తాన్‌బీ చీపురెత్తింది.
"చీమకి రెక్కలొచ్చేది చావడానికే సారూ."
"ఒక్క నిమిషం" అన్నాను.

ఆ మాట అనడానికి నాకు మూడేళ్ళు పట్టింది.

మొదటి ఏడు పట్టుకున్నవి ఉసిళ్ళు.
నాలుగు రెక్కలూ ఒకే కొలత, నడుమన్నదే లేదు,
అయినా మోసపోయాను.
రెండో ఏడు మగచీమ.
చిన్న తల, పీల ఒళ్ళు,
పెళ్ళి అయిపోయాక బస్సు తప్పిన మేళగాడిలా
ఎటు పోవాలో తెలియని నడక.
తేనెచుక్క పెట్టి ఒకటిన్నర రోజు సేవ చేశాను.
మూడో ఏడు రాణే దొరికింది.
గంటకోసారి మూత తీశాను, బెల్లం పెట్టాను,
బూజు పట్టింది.
పన్నెండో రోజు కాళ్ళు ముడుచుకుంది.
ఎవరితో చెప్పుకోను?
నెత్తుటి చుక్కలో కణాలు లెక్కపెట్టే చేతులివి.

ఇప్పుడు ఎగిరేవాటిని చూడను.
తడి మెట్ల మీద, బకెట్ అంచున,
నడిచేదాన్ని వెతుకుతాను.
అదిగో. నల్లటిది, వడ్లగింజన్నర పొడవు,
పెద్ద పొట్ట,
వీపున ఒంగోలు గిత్తకున్నట్టు మూపురం.
మూపురానికి అటూ ఇటూ రెండేసి మచ్చలు,
గాజులు తీసిన చేతి మీది గీతల్లా.
ఛ, ఆ పోలిక తప్పు.
ఈమె రెక్కలు ఎవరూ తీయలేదు.
తనే కాళ్ళతో తన్ని విరుచుకుంది.

గాజు ట్యూబులో మూడోవంతు నీళ్ళు.
దూది నీళ్ళకి తగిలేదాకా నొక్కాలి, మునిగితే చెడుతుంది.
మిగిలిందంతా ఆమె గది.
మూతికి ఇంకో దూది, ఊపిరాడేంత వదులుగా.
ఎక్స్‌రే ఫిల్ములకి చుట్టి వచ్చే నల్ల కాగితం చుట్టాను.
సెంట్రిఫ్యూజ్ తిరిగే బల్ల వణుకుతుంది, అక్కడొద్దు.
పాత రిజిస్టర్ల బీరువా, కింది అర.
తిండి పెట్టకూడదు.
ఎగరడానికి పెంచుకున్న కండలు లోపలున్నాయి,
ఇక ఎగిరేది లేదు గనక
వాటినే కరిగించి పిల్లలకి పెడుతుంది.

ట్యూబంటే చీటీ అంటించాలి, చేతి అలవాటు.
పేరు: తెలీదు.
స్త్రీ.
వయసు: ఒక వాన.
పంపిన డాక్టరు: ఖాళీ.

అసలు కష్టం తర్వాత మొదలైంది.
డెంగీ రోజులు. కౌంటరు ముందు జనం,
అరగంటకోసారి "రిపోర్టొచ్చిందా?"
"కూర్చోండమ్మా, వస్తుంది" అంటాను.
బీరువా ముందు నిలబడి
అదే మాట నాకు నేను చెప్పుకుంటాను.

ఆదివారం మాత్రమే, టార్చికి ఎర్ర కాగితం కట్టి, క్షణం సేపు.
మొదటి ఆదివారం ఏడు గుడ్లు.
రెండోది పదకొండు.
ఆగలేక బుధవారం తీశాను.
మూడో ఆదివారానికి తొమ్మిదే.
తగ్గిన రెండూ ఎక్కడికి పోయాయో నాకు తెలుసు.
ఆమెకీ తెలుసు.
రిజిస్టరులో రాయలేదు.

ముప్పైతొమ్మిదో రోజు,
నూకల్లాంటి నాలుగు గూళ్ళలో ఒకటి చిరిగింది.
తల్లి నోటితో పట్టి లాగింది.
పాలిపోయిన తేనెరంగు పిల్ల,
తల్లిలో పావు వంతు లేదు,
తూలుతూ లేచి
ముందుగా తల్లి ముఖం తుడిచింది.

ఇప్పుడు పెట్టొచ్చు.
గుండుసూది తలంత తేనె.
కౌంటరు మీద చరిచిన దోమ, ఒక కాలు.
ఆ దోమ ఎంతమందిని నా దగ్గరికి పంపిందో మరి.

నిన్న మళ్ళీ వాన.
మస్తాన్‌బీ చీపురు గోడకానించి
అగ్గిపెట్టె నా ముందు పెట్టింది.
"మూపురం ఉంది సారూ. రెక్కలు పీక్కుంటంటే చూశా."
ట్యూబు కడిగి ఇచ్చాను.
దూది తనే నొక్కింది,
నాలుక కొసని పంటి కింద పట్టి,
నీళ్ళకి తగిలేదాకా.