ఆ చెవి

ఉద్దానంలో మా ఆసుపత్రి గోడకి
మళ్లీ రంగు మారుస్తున్నారు.
పాత బొమ్మ గీకేసినా
ఒక చెవి మిగిలిపోయింది, కిటికీ పక్కన.

లోపల ఆరో నంబరు మిషను
దుప్పటి కప్పుకుని మూల కూర్చుంది.
కంపెనీకి బిల్లులు రాలేదట.
ఫిల్టర్లు శుక్రవారం వస్తాయట.
ఏ శుక్రవారమని ఎవరూ అడగలేదు.

నాలుగు గంటల మనిషిని
మూడు గంటలకే లేపుతోంది సిస్టర్ హేమావతి,
గడియారాన్ని తిట్టుకుంటూ.

"ఎంతకాలమని ఊరికే ఇస్తాం?"
మొన్న మీటింగులో నాయకుడు అన్నాడట.
సూది గుచ్చిన చెయ్యి కదపకుండా
నవ్వాడు జీడితోటల దండాసి:

"ఊరికేటి బావూ?
అగ్గిపెట్టికి కట్టినాను, సబ్బుబిళ్లకి కట్టినాను,
మా ఆడది పోయిన్నాడు తెల్లగుడ్డకీ కట్టినాను.
నా ఒంట్లోంచి ఎల్లిందే గదా అదీ.
ఎల్లింది మళ్లీ రావాల.
సగంలో ఆపీసి, మిగతాది మరిసిపో అంటే
మనిసి బతుకుతాడేటి?"

గొట్టంలో నెత్తురు
వెచ్చగా వెళ్లి చల్లగా తిరిగొస్తోంది.
సిస్టర్ ఇంకో అరగంట
రిజిస్టరులో రాయకుండా వదిలేసింది.

బయట నిచ్చెన మీద పెయింటరు
కుంచె ముంచి
చెవి దాకా వచ్చాడు.