అష్టభోగాలు సహా

టెక్కలి రిజిస్ట్రారాఫీసు ఎదుట
రేకుల షెడ్డులో నా కంప్యూటరు.
మీట నొక్కితే చాలు, ఎవరి అమ్మకానికైనా
అదే వాక్యం దిగుతుంది:
నిధి నిక్షేప జల పాషాణ
అక్షీణి ఆగామి సిద్ధ సాధ్యములను
అష్టభోగములతో సహా
తమరు పుత్రపౌత్ర పారంపర్యముగా అనుభవించగలవారు.

రాగిరేకుల మీద రాజులు చెక్కించిన మాట.
మా గురువు లింగరాజు పాత్రో చేతిలో
స్టాంపు కాగితం మీదికి దిగింది.
నా దగ్గర అదొక ఫైలు. పేరు "అమ్మకం పాతది".
ఇరవై రెండేళ్ళలో ఎవరూ అర్థం అడగలేదు.
నేనూ అడగలేదు.
పేజీకింతని తీసుకుంటాను.

కొర్ను దాలమ్మ అడిగింది.
ఎకరా ముప్పై సెంట్లు, చోళ్ళు పండిన మెట్ట.
కింద నీలిరాయి ఉందని బోరు దింపి చూసుకుని
క్వారీవాళ్ళు కొంటున్నారు.
"సదువు బావూ. ఏటేటి ఇచ్చీస్తన్నానో ఇనాల."

నిధి అంటే లంకెబిందెలమ్మా, అన్నాను.
నవ్వింది. "ఉంటే నీ గుమ్మం ఎక్కుదునా?"
జలమంటే నుయ్యి.
"ఎండిపోనాది. అదీ రాసీ."
పాషాణం అనగానే మొహం మారింది.
"ఇసమా?"
కాదు, రాయి.
"మా ఆడపడుచు కొడుకు ఆ రాయి కోసేకాడే
దుమ్ము మింగి, దగ్గి దగ్గి పోనాడు.
రెండింటికీ ఒకే మాటెట్టినోడెవడో గానీ
తెలిసినోడే."

అక్షీణి నాకూ రూఢిగా తెలీదు.
తరగనిది, అన్నాడు గురువు.
అన్ననాటికి ఆయనే మంచం మీద తరిగిపోతున్నాడు.

"మజ్జినొకటి దాటీసినావు."
నిక్షేపం.
"నిచ్చేపంగా ఉండడమేనా?"
కాదమ్మా, భూమిలో దాచిపెట్టింది.

చాలాసేపు మాటాడలేదు.
కుర్రాడు టీ తెచ్చాడు, చల్లారింది.
"ఉంది బావూ.
పడమటి గట్టు కింద, సీతాఫలం దుబ్బు మొదట.
పురిటినెల దాటని గుంట.
పేరెట్టలేదు."

కొన్నవాళ్ళ మనిషి ఫోనులోంచి తలెత్తి
టైమవుతోందన్నాడు.

ఒక మాట తీసేశాను.
నిధి పక్కకి జలం వచ్చి ఆనుకుంది.
కింద అష్టభోగములని అలాగే ఉంచాను.
ఎవరూ లెక్కపెట్టరు, చూస్తూనే ఉన్నాను కదా.
చట్టానికి దీంతో పనిలేదు,
బోరు మిషనుకి అసలే లేదు.

వేలిముద్ర వేసి, సిరా చెంగుకి తుడుచుకుంటూ
మెట్ల మీద ఆగింది.
"ఆ కడాకరి మాటేటన్నావు?"
సాధ్యం. ఇకముందు కాగలిగేది ఏదైనా.
"అది కూడా అమ్మీసినానా?"

ఆ తొందరలో
పాత ఫైలు మీదే సేవయిపోయింది.
సరిచెయ్యలేదు.
ఇప్పుడు ఎవరి పొలం అమ్మినా
నా దగ్గర అష్టభోగాలు ఏడే.