ఫ్యాన్లు: రెండు, తిరిగే గంటలు: సున్నా

పొందూరులో ఆ నూలు కొట్టుకి బోర్డు లేదు.
నీలం తలుపు, మట్టిగోడలు, పైన సిమెంటు రేకులు,
అంతే గుర్తు.
మే నెల. నా చేతిలో టేపు, లేజరు మీటరు,
ఆమదాలవలసలో జెరాక్సు తీయించిన
ఎనిమిది పేజీల ఫారం.

మొదటి ప్రశ్న దగ్గరే ఆగిపోయాను:
గదిని గోడ లోపలినుంచి కొలవాలా, బయటినుంచా?
లోపల కొలిస్తే అరవై తొమ్మిది చదరపు మీటర్లు,
బయట కొలిస్తే ఎనభై మూడు, పైన చిల్లర.
మధ్యలో పద్నాలుగు
గోడ తినేసింది.
లోపలిదే రాయాలని నిబంధన. రాశాను.
రాసి, కాసేపు గోడకి వీపు ఆనించి నిలబడ్డాను.
ఆ కొట్టు మొత్తంలో చల్లగా ఉన్న చోటు
ఆ పద్నాలుగే.

రేకుది ఇంకో పేచీ.
అలలు అలలుగా ఉన్నదాన్ని
చదునుగా ఉన్నట్టే లెక్క కట్టమంటుంది ఫారం.
ఎండ అలా కట్టదు.
ప్రతి మడతలోకీ దిగి, ప్రతి గట్టూ ఎక్కి
పొద్దున ఏకులా వచ్చి
పదకొండయ్యేసరికి మేకై కూర్చుంటుంది
తొమ్మిదిమంది ఆడవాళ్ళ నడినెత్తిన.

గోడ కొలతలోంచి కిటికీలు తీసేయాలి.
కిటికీలు నాలుగు. అద్దం ఏ రకం?
అద్దం లేదు. గోనెపట్టా.
ఎందుకు మూసేశారంటే
కూర్మమ్మ తలెత్తలేదు,
వాలుగ చేప దవడతో పత్తి దువ్వుతూనే అంది:
"గాలొస్తే దూది నాకన్నా ముందు ఇంటికెళిపోద్ది బావూ."
నవ్వులు. రాట్నాలు మాత్రం ఆగలేదు.

త్రికోణపు గోడ దగ్గర లేజరు చచ్చిపోయింది.
దూలం అంత ఎత్తుకి టేపు నిలబడదు, వంగిపోతోంది.
దాలమ్మ లేచింది.
తన కదురు మీది దారం కొంత లాగి
కొసన తాళంచెవి కట్టి
దూలం మీదుగా విసిరింది.
"తెగదా?" అన్నాను.
"నువ్వు తొందరపడితే తెగుద్ది."

తాళంచెవి రెండు ఊపులూగి ఆగింది.
ఆ తర్వాత కదలలేదు.
కాగితమ్మీద గీసిన గీతలా
దారం నిట్టనిలువునా నిలబడిపోయింది.
ఆ గదిలో గాలి ఎంతుందో
అంత ఖాయంగా ఏ మీటరూ చెప్పలేదు నాకు.
దారం దించి, నేలమీద పరిచి, టేపుతో కొలిచాను:
మూడు మీటర్ల నలభై.

ఏడో పేజీ.
ఫ్యాన్లు: రెండు. తిరిగే గంటలు: సున్నా.
వేస్తే నూలు నిలవదు.
నెలకి కాలే కరెంటు: పదకొండు యూనిట్లు, రెండు ట్యూబులైట్లవి.
ఇప్పుడు కాలేదాంట్లోంచి
కప్పు కింద పొర వేశాక కాలేది తీసేస్తే
వచ్చేదే ఆదా.
ఆదా ఉన్న చోటే డబ్బు మంజూరు.
రెండుసార్లు చేశాను. మూడోసారి
ఫోనులో చేశాను.

"ఏటొచ్చింది బాబూ లెక్క?"
"సున్నా."
దాలమ్మ దారం కండెకి చుట్టేసుకుంటూ
నా చొక్కా కేసి చూసింది, తడిసి వీపుకి అంటుకుపోయింది.
"సున్నాకి ఇంత సేపేటి?"

చివరి పేజీలో వ్యాఖ్యలకని ఒక గడి ఉంటుంది,
రెండు వేళ్ళ వెడల్పు.
నేనెప్పుడూ దాన్ని అడ్డగీతతో కొట్టేసేవాణ్ణి.
ఆ రోజు అందులో రాశాను:
"ఇక్కడ ఫ్యాను వేస్తే దారం తెగుతుంది,
అందుకని వేయరు. ఉక్క మాత్రం ఉంది."

పది రోజులకి శ్రీకాకుళం ఆఫీసునుంచి
ఫారం తిరిగొచ్చింది.
ఉక్క అన్న మాట కింద ఎర్రసిరా గీత,
పక్కన సారు చేతిరాత:
యూనిట్లు రాయలేదు.

మళ్ళీ వెళ్ళాలి పొందూరు.
ఈసారి మధ్యాహ్నం రెండింటికి.
సారుని కూడా రమ్మన్నాను,
టేపు రెండో కొస పట్టుకోడానికి
మనిషి చాలడం లేదని చెప్పి.