దామెన

ఉలాన్‌బాతర్‌లో జనవరి.
కిటికీకి అవతల మైనస్ ముప్ఫై రెండు.
ఇవతల గాలి ఎంత పొడిగా ఉంటుందంటే
గొళ్ళెం ముట్టుకుంటే చిటుక్కుమని కరుస్తుంది,
చీకట్లో పిల్లిని నిమిరితే నిప్పురవ్వలు రాలతాయి.
చులూన్ ముద్దు పెట్టబోతే
ముందు పెదవికి సూది గుచ్చుకుంటుంది.
పెళ్ళయి పంతొమ్మిదేళ్ళయినా నవ్వాగదు నాకు.

అతను బడుల్లో కంప్యూటర్లు బాగుచేస్తాడు.
బాగుపడనివి విప్పి ఇంటికి మోసుకొస్తాడు.
'ఎప్పటికైనా పనికొస్తుంది' అన్నమాట
మా ఇంట్లో అద్దె కట్టని మనిషి.
మంచం కింద మదర్‌బోర్డులు,
సోఫా వెనక ఫ్యాన్లు,
బూట్ల పెట్టెల్లో ర్యామ్ కడ్డీలు.
తీగకు తీగ వాటేసుకుని
ముడి ఎక్కడ మొదలైందో వాటికే తెలియదు.
చలి ముదిరిందని గొర్రెతోలు డేల్ తొడుక్కుంటే
జేబులో పదకొండు స్క్రూలు,
ఏదీ ఇంకోదానికి జత కాదు.

ఇక ఊరుకోలేదు నేను.
అతను అర్వైహేర్ బడికి వెళ్ళిన నాలుగు రోజుల్లో
అంతా సర్దేశాను.
ఆరూల్ డబ్బాలు కడిగి ఆరబెట్టి స్క్రూలకు,
ఇటుక తేయాకు వచ్చిన అట్టపెట్టెలు డిస్కులకు,
అత్తగారి కుట్టుమిషన్ సొరుగులు
గుండీల్లాంటి బ్యాటరీలకు.
తీగలు చిక్కు తీసి, చుట్టలు చుట్టి
పాత జడ రిబ్బన్లతో కట్టాను,
పేర్లు తెలియవు కనుక రంగును బట్టి.
ర్యామ్ కడ్డీలైతే ఒక్కొక్కటే చేతిలోకి తీసుకుని
ఉన్ని శాలువా కొంగుతో
వెండి గిన్నెలు తోమినట్టు తోమాను.

అతను వచ్చాడు. చూశాడు.
"బాగుంది" అన్నాడు.
"చాలా బాగుంది" అన్నాడు.
తర్వాత నా శాలువా వైపు చూశాడు.

ముప్ఫై ఏడు కడ్డీలు.
మూడు రాత్రులు పెట్టి, తీసి, పెట్టి, తీసి.
తొమ్మిది పలకలేదు.
వాటిలో ఎన్ని ముందే చచ్చాయో
ఎన్నిటిని నా చేయి చంపిందో
తెలిసే దారి లేదు.
మచ్చ లేదు, మసి లేదు,
నేను తుడిచిన తళతళ అలాగే ఉంది.
తిట్టినా బాగుండేది.

నాలుగో పొద్దున గీకుడు చప్పుడుకి లేచాను.
వేడినీళ్ళ గొట్టం మీది రంగు చెక్కుతున్నాడు.
ఆకుపచ్చ, దాని కింద గోధుమ,
దాని కింద ఎవరు వేశారో ఒక నీలం,
అప్పటికి తేలింది గోరంత ఇనుము.
దానికో తీగ కట్టాడు.
రెండో కొస నా మణికట్టుకి.
"నీ మెరుపు ఇక నేలలోకి పోతుంది."

మా నాన్న గుర్రప్పిల్లల్ని ఇలాగే
దామెన తాడుకి కట్టేసేవాడు.
పిల్లలుంటే తల్లులు దూరం పోవని.
"నన్ను కట్టేసింది ఎవరు దూరం పోకుండా?" అన్నాను.
చులూన్ టేపు చుట్టా కలమూ నా చేతికిచ్చాడు.

పక్కపక్కన కూర్చుని పేర్లు రాశాం.
పనిచేస్తుంది.
పనిచేయదు.
కొడితే పనిచేస్తుంది.
ఏమిటో తెలియదు (దీనికే అన్నిటికన్నా పెద్ద పెట్టె పట్టింది).
ఆ తొమ్మిదింటి దగ్గర కలం ఆగితే
అతనే తీసుకుని 'సెవ్జిద్ తుడిచినవి' అని రాసి
పారేయకుండా పై అరలో పెట్టాడు.

నిన్న అర్వైహేర్ నుంచి పంతులమ్మ ఫోను,
మిషన్ మూడుసార్లు కూసి ఆగిపోతోందని.
చులూన్ ఇంకే ఊళ్ళోనో ఉన్నాడు.
సాయంత్రం బస్సు డ్రైవరుకిచ్చి పంపాలి.
మూడో అర, ఎడమ పక్క, నీలం మూత డబ్బా.
వెతకలేదు, చేయి తిన్నగా వెళ్ళింది.
మూత తీసేముందు మాత్రం
మణికట్టుకి తీగ చుట్టుకున్నాను,
చూడటానికి ఇంట్లో పిల్లి తప్ప ఎవరూ లేకపోయినా.

కడ్డీని వెండిరంగు సంచిలో పెట్టి,
మడిచి, పంతులమ్మ పేరు రాసి,
టీ పొంగుతోందని లేచి
వంటింటి వైపు నాలుగడుగులు వేశానో లేదో
వెనక నుంచి ఎవరో చేయి పట్టుకు లాగారు.

తిరిగి చూస్తే గొట్టం,
కడుపులో నీళ్ళు గరగరమనిపిస్తూ.