షోర్ పాసు

పందొమ్మిదేళ్ళు
ఓడ దిగినవాళ్ళకి పాసులు రాశాను.
పేరు, ఓడ పేరు, గేటు దాటిన వేళ,
తిరిగి రావలసిన వేళ.
ఆ చివరి గడి ఒక్కటీ ఎర్రసిరాతో.

వాళ్ళకి కావలసినవి చిన్న సంగతులు.
చర్చి ఎటు, మంగలిషాపు ఎటు,
పూర్ణా మార్కెట్లో మామిడిపళ్ళు దిగాయా.
ఒకరోజు ఓ ముసలి వంటవాడు
అద్దం కిందనుంచి దాల్చినచెక్క ముక్క తోసి
"మీరెప్పుడు దిగుతారు?" అన్నాడు.
నేనెక్కిన ఓడేదీ, అని నవ్వాను.

ఆ రాత్రి సాలిగ్రామపురం క్వార్టర్లో నిద్రపట్టలేదు.
బీరువా. బీరువా మీద పెట్టె.
పెట్టెలో ఇంకో చిన్నపెట్టె.
దాంట్లో ఎప్పటికైనా పనికొస్తాయని దాచిన తాళంచెవులు,
ఏ తాళాలవో తెలీదు.

అప్పట్నుంచి వస్తువుల్ని రోజుల్లో లెక్కేయడం మొదలెట్టాను.
బీరువా అమ్మితే ఇరవై రెండు రోజులు.
రెండుపేటల గొలుసు, ఏడు నెలలు.
డైనింగ్ టేబుల్‌కి పదకొండే వచ్చాయి,
బేరమాడలేదు.
పక్కసీటు బెహరా గారు సెలవు కాగితం తెచ్చిచ్చారు.
"రాజీనామా ఎందుకమ్మా,
తిరిగొచ్చే తేదీ వేస్తే చాలు."
సరిగ్గా ఆ గడి దగ్గరే ఆగింది నా కలం.

తెల్లారి కిరండూల్ పాసింజరెక్కాను.
అరకు దాకా కొన్న టిక్కెట్టు.
సిమిలిగుడలో ఎండుచేపల గంప దించలేక
అవస్థపడుతున్న మనిషికి చెయ్యందించి దిగితే
బండి వెళ్ళిపోయింది.
కొర్రా జమున ఆమె పేరు. ఆ పూటకి అంబలి పోసింది.
రెండు గంటలు కూర్చుందామనుకున్న అరుగు మీద
ముప్ఫై అయిదు రోజులున్నాను.
వలిసెపూలు రాలి గింజ కట్టడం చూశాను.
అంతకుముందు వలిసెపూలంటే నాకు
కిటికీలో అయిదు సెకన్ల పసుపు.

ఆ తర్వాత ఇరవై నెలలు తిరిగిన ఊళ్ళ జాబితా
చెప్పమంటే తడబడతాను.
ఏ ఊరి నీళ్ళలో కందిపప్పు త్వరగా ఉడుకుతుందో
చెప్పగలను,
ఎవరింటి దుప్పటికి ఏ మూల చిరుగో.

అబద్ధమాడను.
ఒక బస్టాండులో జ్వరంతో ముడుచుకుని
నా బీరువా కోసమే ఏడ్చాను.
ఇంకో ఊళ్ళో నాతో నేనే పోట్లాడి
తొమ్మిది రోజులు మాట్లాడుకోలేదు.

తిరిగొచ్చేసరికి వానాకాలం.
తొట్లకొండెక్కాను.
రాతితొట్లలోకి చినుకులు.
వానలున్నన్నాళ్ళే ఇక్కడుండేవారట భిక్షువులు,
వాన వెలిస్తే దారి.
వెళ్ళిపోయేవాళ్ళు
ఇంత లోతుగా ఎందుకు తొలిచారా అని
తడుస్తూ నిలబడ్డాను.
వాచ్‌మన్ కేకేశాడు, "గొడుగు నేదేటమ్మా?"
లేదన్నాను.
అప్పుడు తట్టింది, ఇంకా చాలా లేవని,
వాటి పేర్లయినా గుర్తు రాలేదు.

ఇప్పుడు కోటవీధిలో ఒకే గది.
చీకటితో ఫిషింగ్ హార్బర్‌కెళ్ళి
వాసుపల్లి ఎర్రన్న బోటుకి లెక్క రాస్తాను.
కోనాలిన్ని, పారలిన్ని, కవ్వళ్ళు తట్టలిన్ని.
పందొమ్మిదేళ్ళు ఈ వాసనకే కిటికీ మూశాను.
ఏ బోటు మీద ఏ కాకి వాలుతుందో
ఈమధ్యే తెలిసింది.
"మళ్ళీ ఎప్పుడెల్తావు?" అంటాడు ఎర్రన్న.
"వేట ఆపేసి నీ బోటు గట్టెక్కిన రోజు."

ఏప్రిల్ దగ్గరపడింది.
సంచి దులిపితే దాల్చినచెక్క రాలింది.
టీకొట్టు సూరమ్మకిచ్చి మరిగించమన్నాను.
"ఏటిది, వాసనే నేదు" అంది.
సగం ఎర్రన్నకి పోసి
మిగతాది తాగాను.
వేడిగా ఉంది.