ఎనిమిది వరుసలు

ఎనుమాముల యార్డు ఎనుక గల్లీల
మా ఆఫీసు. ఆఫీసంటే మేడమీద ఒక రూము,
కూలర్ నీళ్లకు గూడ మిర్చి ఘాటు.
తుమ్ముకుంట రాసిన కోడు నాది.

పని ఇదీ: పొద్దున గేటు దాటిన లాట్లన్నీ
ఫోన్ల ఒకదాని కింద ఒకటి కనిపించాలె.
రైతు పేరు, ఊరు, రకం, బస్తాలు, ధర.
సీజన్ల రోజుకు ఆరువేల లాట్లు.
మొదటిపారి ఆరువేల వరుసలూ ఒక్క దెబ్బకు కట్టిన.
ఫోన్ ఏడు సెకన్లు ఊపిరి బిగబట్టి
మూకుట్లకెళ్లి తీసిన బజ్జి లెక్క కాలి
ఆరిపోయింది.

కిటికీలకెళ్లి కిందికి చూసిన.
షెడ్డు కింద హమాలీలు. లెక్కవెట్టిన, ఎనిమిది మంది.
లారీకి బస్తా ఎక్కించి, వట్టి భుజంతోని తిరిగొచ్చి
మళ్ల ఒంగుతున్నరు.
బస్తాలు వేలు. భుజాలు పదహారే.
బస్తాకొక మనిషిని తెచ్చి నిలబెడితే
అది యార్డు కాదు, జాతరైతది.

రాత్రికి రాత్రి మార్చిన.
అద్దంల పట్టేటివి ఎనిమిది వరుసలు, అంతే.
పైకి జారి మాయమైన వరుస
కిందికెళ్లి మళ్లొస్తది, కొత్త పేరు ఎత్తుకొని.
నర్సంపేట పోయి పరకాల,
పరకాల పోయి ములుగు.
చూసేటోళ్లకు మాత్రం ఆరువేల మంది
ఓపికగ లైన్ల నిలబడ్డట్టే.

వేలు ఎత్తినంక గూడ లిస్టు కొంచెం ఉరకాలె,
నడుస్తున్న బస్సు దిగినోడు
నాలుగడుగులు ఉరికి నిలదొక్కుకున్నట్టు.
ఆ నాలుగడుగులకు రెండు రాత్రులు పట్టింది.
ఒకపారి ఐదయినయి. ఒకపారి బోర్లపడ్డడు.

పైసలు పెట్టిన అడ్తి వీరమల్లు అన్నడు:
"అడుగెందుకయ్యా? జరుపుతాంటే వస్తనే ఉండాలె."
యార్డుకు గేటున్నది, పొద్దుగూకితే మూస్తరు అన్న.
లిస్టు అడుగున చిన్నగ రాసిన:
ఇయ్యాల్టికి ఇంతే.

బుధవారం నాడు
గూడూరు దిక్కు తండాకెళ్లి వచ్చిన గుగులోతు ద్వాలికి
ఫోన్ చేతికిచ్చి, నీ పేరు దేవులాడమన్న.
మిర్చి ఏరి ఏరి గీతలరిగిన బొటనవేలు,
అద్దం గుర్తుపట్టలే.
కొంగుకు తుడుచుకొని మళ్ల రుద్దింది.
వరుసలు కదిలినయి. పోయినయి, పోయినయి, ఆగినయి.
ఆమె పేరు. పదకొండు బస్తాలు. తేజ.
పక్కన ఎర్రక్షరాల: తాలు.

"నాది తాలా?"

ఒర్రలే. ఫోన్ బల్లమీద పెట్టింది,
కొంగుముడి విప్పి ఒక కాయ తీసి
నా కీబోర్డు మీద విరిచింది.
ఎరుపు. లోపలి దాక ఎరుపే.
గింజలు మీటల సందులల్లకు పోయినయి.

తప్పు దొరకడానికి మధ్యాహ్నమైంది.
ఎవరిదో తాలు, ఎప్పుడో పైకి పోయిన లాటుది,
వరుస భుజం మీద అట్లనే మిగిలింది.
తాలు ఉంటే రాయమని చెప్పిన.
లేకుంటే తుడవమని
చెప్పలే.

కింద ఎల్లస్వామి
ఒక్కో బస్తా దించినంక
భుజం మీది గోనెగుడ్డ తీసి రెండుపార్లు దులుపుతడు.
రెండేండ్ల సంది చూస్తనే ఉన్న, ఘాటుకనుకున్న.
ఆ రోజు దిగి అడిగితే
నన్ను ఎర్రోణ్ణి చూసినట్టు చూసిండు:
"ఒకని గింజ ఇంకొకని కాటాల పడొద్దు గద."

ఒక్క లైను రాసిన.
మోసుకొచ్చేటందుకు ముందు వరుస వట్టిదయి రావాలె.

ద్వాలికి చూపిద్దామని ఉరికితే
ఆమె లాటు కాటా అయిపోయింది, ట్రాలీ ఎల్లిపోయింది.
ఏ ధరకు పోయిందో నా లిస్టులనే చూసుకున్న.
తాలు లేదు. ధర మాత్రం
తాలు కంటె జరంత ఎక్కువ.
ఆ అంకె నేను రాసింది కాదు, నేను తుడిచేది కాదు.

తుడిపే మీట కింద ఒక గింజ ఇంకా ఉన్నది.
నొక్కినప్పుడల్ల కర్రుమంటది.
తియ్యలే.